మేధో వైకల్యమున్న మీ బిడ్డను ఆటల్లో చేర్చడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాలకు

ఎదుగుదలలో వెనుకబాటు ఉన్న బిడ్డను మైదానానికి పంపాలని మీరు అనుకుంటున్నట్లయితే, డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవానికి జిల్లా కేంద్రంలో జరిగే ఆటలపోటీల పిలుపు వచ్చేదాకా ఆగనవసరం లేదు, ఆగకూడదు కూడా. ఒక్కరోజు మైదానంలో నిలబెట్టి, చేతిలో బహుమతి పెట్టి, ఫొటో తీసి ఇంటికి పంపించే ఆట వల్ల ఆ బిడ్డ శరీరానికి గానీ మనసుకు గానీ ఒరిగేది తక్కువ. వారానికి రెండు మూడు సాయంత్రాలు, ఇంటికి దగ్గరలో, తనను ఎరిగిన మనిషి దగ్గర చేసే సాధన వల్లనే నడక కుదురుతుంది, నిద్ర పడుతుంది, తన వంతు వచ్చేదాకా ఆగడం అలవాటవుతుంది, పదిమందిలో నిలబడే ధైర్యం వస్తుంది. అందువల్ల ఇక్కడ చెప్పబోయే క్రమమంతా ఆ వారపు సాధనను మొదలుపెట్టడం, నిలబెట్టుకోవడం చుట్టూనే ఉంటుంది. కాగితాలూ పోటీలూ దాని వెంట నడిచి వస్తాయి.

ఏ కార్యక్రమం మీ బిడ్డకు సరిపోతుంది

మేధో వైకల్యం ఉన్నవారి కోసం ప్రపంచమంతటా నడుస్తున్న పెద్ద క్రీడా కార్యక్రమం స్పెషల్ ఒలింపిక్స్. అమెరికాకు చెందిన యూనిస్ కెనడీ శ్రైవర్ చొరవతో 1968 జూలైలో చికాగోలో మొదటి పోటీలు జరిగాయి. మన దేశంలో ఈ పని చేసే స్పెషల్ ఒలింపిక్స్ భారత్ 2001లో ట్రస్టుగా నమోదైంది, కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ దానిని జాతీయ క్రీడా సమాఖ్యగా గుర్తించింది. ఈ సంస్థ నిబంధనల ప్రకారం పోటీలో పాల్గొనడానికి ఎనిమిదేళ్ళు నిండాలి, పై వయసుకు మాత్రం పరిమితి లేదు. రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు ఉన్న చిన్నపిల్లలకు యంగ్ అథ్లెట్స్ అనే వేరే కార్యక్రమం ఉంది. అందులో పోటీ ఉండదు, గెంతడం, విసరడం, పట్టుకోవడం, గీత మీద నడవడం వంటివి ఆటలాగా నేర్పిస్తారు.

ఎవరు అర్హులన్న విషయంలో చాలామంది తల్లిదండ్రులు పొరపడుతుంటారు. బిడ్డకు నేర్చుకోవడంలోనూ, స్నానం, భోజనం, డబ్బు లెక్క, దారి గుర్తుపెట్టుకోవడం వంటి రోజువారీ పనుల్లోనూ వయసుకు తగిన సామర్థ్యం లేదని వైద్యుడో, మనస్తత్వ నిపుణుడో, సంబంధిత సంస్థో నిర్ధారించి ఉండాలి. తెలివితేటల్లో ఏ లోపమూ లేకుండా కేవలం కాళ్ళూచేతుల వైకల్యమో, చూపు లేదా వినికిడి లోపమో, చదవడం రాయడంలో మాత్రమే ఇబ్బందో ఉన్నవారు ఈ కార్యక్రమం కిందికి రారు. ఉదాహరణకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేని స్థితి) ఉండి, చదువులో చురుకుగా ఉన్న అమ్మాయికి పారా క్రీడల బాట సరైనది. అదే సెరిబ్రల్ పాల్సీతో పాటు మేధో వైకల్యం కూడా ఉన్న అమ్మాయికి స్పెషల్ ఒలింపిక్స్‌లో చోటుంది. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో కూడా కొలత ఇదే కాబట్టి, ఆటిజం అన్న పేరు మీదనే చేరతారనో, చేరరనో ముందే అనుకోకుండా పరీక్ష చేయించి తెలుసుకోండి.

పారాలింపిక్స్‌లో కూడా మేధో వైకల్యం ఉన్నవారికి కొద్దిపాటి అంశాలున్నాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి 2024లో పారిస్‌లో టీ20 విభాగం (మేధో వైకల్యం ఉన్నవారి విభాగం) 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్యం గెలిచింది ఆ బాటలోనే. అక్కడ ఎవరు వేగంగా పరుగెత్తితే వారిదే పతకం, అర్హత నిరూపించే పత్రాల పరిశీలన కూడా చాలా కఠినం. మీ బిడ్డ నిజంగా అసాధారణ వేగం చూపిస్తే ఆ దారి గురించి తరువాత ఆలోచించవచ్చు. మిగిలిన అందరికీ, అంటే నూటికి తొంభై మందికి పైగా, స్పెషల్ ఒలింపిక్స్ తరహా సాధనే తగినదని నా నమ్మకం.

తీవ్రమైన వైకల్యం ఉండి, సొంతంగా నడవలేని, పిలిస్తే పలకలేని పిల్లల తల్లులు ఇక్కడిదాకా చదివి, ఇది తమకోసం కాదని పక్కన పెట్టేయవద్దు. అటువంటివారి కోసమే మోటార్ యాక్టివిటీ ట్రైనింగ్ అనే పద్ధతి ఉంది. అందులో పక్కవారితో పోటీ ఉండదు. బంతిని పట్టుకుని వదలడం, పక్కకు దొర్లడం, చక్రాల కుర్చీని ఒక అడుగు ముందుకు నెట్టడం వంటివి నిన్నటికన్నా నేడు కాస్త మెరుగ్గా చేయడమే లక్ష్యం.

కాగితాలు సిద్ధం చేసుకోవడం

సాధన మొదలుపెట్టడానికి ఏ కాగితమూ అవసరం లేదు. అయితే జిల్లా దాటి ఆడే రోజు వస్తే పత్రాలు అడుగుతారు, అప్పటికప్పుడు అవి సిద్ధం కావు. వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం లేకపోతే మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాటు నమోదు చేయించుకుని, కేటాయించిన ఆసుపత్రికి ఆ తేదీన బిడ్డను తీసుకువెళ్ళండి. ఆ రోజు పాత చీటీలన్నీ, పాఠశాలలో ప్రత్యేక ఉపాధ్యాయులు రాసిన పరిశీలన పత్రం ఉంటే అదీ వెంట ఉంచుకోండి. దానితో పాటు దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి కూడా దరఖాస్తు చేయించుకోవడం మంచిది. ఆధార్, పుట్టిన తేదీ పత్రం, ధ్రువపత్రం, ఈ మూడింటిలో పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి, ఎందుకంటే పోటీల దగ్గర ఇంటిపేరు ముందుండడం, వెనకుండడం కూడా ఇబ్బంది తెచ్చిపెడుతుంది.

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ, సీతంపేట ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. అక్కడి కుటుంబాలు పాత అలవాటుతో శ్రీకాకుళం వెళ్ళి తిరిగి రావడం కన్నా ఇప్పటి తమ జిల్లా కార్యాలయానికే నేరుగా వెళ్ళాలి. తల్లిదండ్రులు హైదరాబాదుకో, చెన్నైకో, వేటకని గుజరాత్ రేవులకో వలస వెళ్ళి, బిడ్డ అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో పెరుగుతున్న ఇళ్ళు మన వైపు ఎన్నో ఉన్నాయి. అటువంటప్పుడు తల్లిదండ్రులు పండక్కి ఊరు వచ్చిన రోజుల్లోనే అనుమతి పత్రం మీద సంతకం చేయించుకుని, వారి గుర్తింపు కార్డు నకలు దాచి ఉంచండి.

ఆటల్లో బిడ్డ చురుకుగా కనబడితే పింఛను తీసేస్తారేమోనని కొందరు భయపడతారు. ఈ భయం వల్ల ఇంట్లోనే కూర్చోబెట్టిన పిల్లలున్నారు కనుక దీనికి స్పష్టంగా సమాధానం చెప్పాలి. మేధో వైకల్యపు శాతాన్ని ప్రజ్ఞాలబ్ధి పరీక్ష ద్వారానూ, రోజువారీ పనుల్లో ఉన్న సామర్థ్యాన్ని చూసీ నిర్ణయిస్తారు. కాళ్ళ వేగం ఆ లెక్కలోకి రాదు. అంతేకాక, దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 30వ సెక్షను దివ్యాంగులు క్రీడల్లో పాల్గొనేలా చూడడం ప్రభుత్వాల బాధ్యత అని చెబుతోంది. ఆడడం హక్కు, దానిని దాచుకోవలసిన పని లేదు.

మైదానంలో దిగకముందు వైద్య పరీక్ష

ఈ ఒక్క విషయంలో మాత్రం తొందరపడవద్దని గట్టిగా చెబుతాను. స్పెషల్ ఒలింపిక్స్‌లో నమోదు చేసేటప్పుడు వైద్య పత్రం ఎలాగూ అడుగుతారు గానీ, ఇంటి దగ్గర సాధనకైనా అదే పరీక్ష ముందుగా చేయించాలి.

డౌన్ సిండ్రోమ్‌తో (ఒక క్రోమోజోము అదనంగా ఉండే స్థితితో) పుట్టినవారిలో దాదాపు సగం మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. చిన్నప్పుడు ఎకో పరీక్ష చేయించకపోతే ఇప్పుడు చేయించండి. పరుగు మధ్యలో పెదవులు నీలంగా మారడం, తొందరగా ఆయాసపడి చతికిలబడడం వంటివి బద్ధకంగా భావించకూడదు. ఇదే పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలోని రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. మెడ నొప్పి, తల ఒక పక్కకు వాలడం, నడక ఈమధ్య మారిపోవడం, చేతుల్లో బలం తగ్గడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆట ఆపి, ఎముకల వైద్యుడికో నరాల వైద్యుడికో చూపించి, మెడ ఎక్స్‌రే విషయం అడగాలి. ఏ లక్షణం లేకపోయినా పల్టీలు కొట్టడం, తలతో బంతిని కొట్టడం, నీటిలోకి తలకిందులుగా దూకడం, ఎత్తు గెంతడం వంటివి వైద్యుడు సరేననే వరకు చేయించవద్దు. మెడ విషయం తెలియని వ్యాయామ ఉపాధ్యాయుడు మిగిలిన పిల్లలతో పాటు మీ బిడ్డ చేత కూడా ముందుకు పల్టీ కొట్టించవచ్చు. అందుచేత ఆయనకు నోటితో చెప్పి ఊరుకోకుండా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

మూర్ఛ ఉన్న పిల్లలు ఆడకూడదన్నది అపోహ. మందులు క్రమంగా వాడుతున్నవారు నడక, పరుగు, బంతి ఆటలు నిస్సందేహంగా ఆడవచ్చు. ఈత మాత్రం పక్కన ఒక మనిషి నీటిలోనే ఉంటే తప్ప వద్దు, చెరువులో గానీ సముద్రంలో గానీ అసలే వద్దు. మైదానంలో ఫిట్స్ వస్తే ఏం చేయాలో అక్కడి పెద్దలందరికీ ముందుగానే చెప్పి ఉంచండి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి, సమయం చూసుకోవాలి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పోయడం చేయకూడదు. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఉన్నవారికి ఒక ప్రత్యేకమైన మాట. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నట్లయితే, యువకుడైన ఆటగాడికి ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించండి. సాధన తరువాత ఒళ్ళు నొప్పులంటున్నాడని మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొని వేయడం ఎక్కడైనా మంచిది కాదు, ఈ మండలాల్లో అది మరింత ప్రమాదం. తన దాహం తాను చెప్పలేని బిడ్డకు పావుగంటకొకసారి మీరే నీళ్ళు తాగించాలి. మతిస్థిమితానికీ, చురుకుదనం అదుపుకూ వాడే కొన్ని మందులు చెమట పట్టడాన్ని, ఒంటి వేడిని ప్రభావితం చేస్తాయి. తీరప్రాంతపు ఉక్కలో ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

ఈ సందర్భంలోనే కళ్ళు, చెవులు, పళ్ళు, పాదాలు కూడా చూపించండి. చూపు మందగించిన సంగతి తెలియక, బంతి పట్టుకోవడం చేతకాదని వదిలేసిన పిల్లలు ఉంటారు. స్పెషల్ ఒలింపిక్స్ తన పోటీల దగ్గర నిర్వహించే ఆరోగ్య శిబిరాల్లో ఈ పరీక్షలన్నీ ఉచితంగా చేస్తారు. అటువంటి శిబిరం మీకు చేరువలో జరిగితే, మీ బిడ్డ పోటీలో లేకపోయినా తీసుకువెళ్ళవచ్చేమో అడిగి చూడండి.

ఎవరిని కలవాలి

బడికి వెళ్ళే వయసు పిల్లలైతే మీ మండలంలోని భవిత కేంద్రం దగ్గర మొదలుపెట్టండి. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాల్లో సహిత విద్య ఉపాధ్యాయులు ఉంటారు. మండలంలో ఏ ఊళ్ళో ఎంతమంది ప్రత్యేక అవసరాల పిల్లలున్నారో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మీ బిడ్డ ఒక్కడితో సాధన సాగదు కాబట్టి, చుట్టుపక్కల ఊళ్ళలో ఇటువంటి పిల్లలు మరో నలుగురైదుగురు ఎవరున్నారో వారినే అడిగి, ఆ కుటుంబాలతో మాట్లాడి ఒక చిన్న జట్టుగా చేరండి. అవసరమైతే ఆ ఉపాధ్యాయులను ఇతర కుటుంబాల వివరాలు మీకు ఇవ్వకుండా, మీ ఫోన్ నంబరును ఆ కుటుంబాలకు చేరవేయమని కోరండి. ఒకరి గోప్యతను కాపాడే పద్ధతి అది.

తరువాత మీ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోని వ్యాయామ ఉపాధ్యాయుడిని కలవాలి. ప్రధానోపాధ్యాయులకు మైదానం వాడుకోవడానికి ఒక వినతి పత్రం ఇచ్చి, ఆ తరువాత మేష్టారితో నేరుగా మాట్లాడండి. పెద్దపెద్ద కోరికలు ముందు పెట్టవద్దు. “మేష్టారూ, మా బాబుకి పరుగంటే ఇష్టమండి. వారానికి రెండు సాయంత్రాలు మీ పిల్లలతో పాటు మైదానంలో ఉండనివ్వండి, నేను కూడా పక్కనే ఉంటాను” అని అడిగితే కాదనే మేష్టారు అరుదు. మీరు పక్కన ఉంటానన్న మాట నిలబెట్టుకోవాలి. మొదటి నెల రోజులు ఆయనకు మీ బిడ్డ అర్థమయ్యేదాకా మీరే మధ్యవర్తి.

ఇది కుదిరిన తరువాత, లేదా దీనితో పాటే, జిల్లా స్థాయిలో మూడు చోట్ల మీ పేరు తెలియజేయండి. విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో డిసెంబరు పోటీల సమాచారం ఉంటుంది. జిల్లా క్రీడాభివృద్ధి అధికారి కార్యాలయంలో మైదానాలు, శిక్షకుల సమాచారం దొరుకుతుంది. మీకు దగ్గరలోని మేధో వైకల్య పిల్లల ప్రత్యేక పాఠశాలకు వెళ్ళి, స్పెషల్ ఒలింపిక్స్ భారత్ రాష్ట్ర శాఖతో వారికి సంబంధం ఉందేమో, బయటి పిల్లలను కూడా తమ ద్వారా నమోదు చేయిస్తారేమో అడగండి. ఆచరణలో ఎక్కువమంది ఆటగాళ్ళు ప్రత్యేక పాఠశాలల ద్వారానే నమోదవుతారు. మీ మండలంలో అటువంటి బడి లేకపోతే రాష్ట్ర శాఖకు నేరుగా రాయవచ్చు.

స్పెషల్ ఒలింపిక్స్ నిబంధనల ప్రకారం ఆటగాడి దగ్గర పాల్గొనడానికి రుసుము తీసుకోకూడదు. ఎంపిక చేయిస్తామని, విదేశాలకు పంపిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో మాట ముగించి, జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి తెలియజేయండి.

సాధన ఎలా సాగాలి

ఆట ఎంచుకోవడంలో బిడ్డ ఇష్టానికే మొదటి స్థానం ఇవ్వాలి. స్పెషల్ ఒలింపిక్స్‌లో పరుగు, గెంతు, విసురు అంశాలతో పాటు ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్, బాస్కెట్‌బాల్, వాలీబాల్, సైక్లింగ్, ఈత, రోలర్ స్కేటింగ్, పవర్‌లిఫ్టింగ్, బోచీ వంటివి ఉన్నాయి. వీటిలో బోచీ మన పల్లెలకు ఎంతో అనువైనదని నాకనిపిస్తుంది. ఒక చిన్న బంతిని ముందు దొర్లించి, రెండు పక్షాలవారు నాలుగేసి పెద్ద బంతులను దాని దగ్గరకు చేర్చడమే ఆట. వేగం అక్కరలేదు, బరువైన శరీరం అడ్డు కాదు, అమ్మమ్మ కూడా మనవడితో ఆడగలదు. దాని నిర్ణీత స్థలం సుమారు 18 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్లకు కాస్త పైగా వెడల్పు ఉంటుంది. కోతలయ్యాక ఖాళీగా ఉన్న కళ్ళంలో ఆ కొలతకు గీతలు గీసుకుంటే సరిపోతుంది. మొదట్లో రెండు రంగుల రబ్బరు బంతులు చాలు.

బలం ఉన్న యువతీ యువకులకు పవర్‌లిఫ్టింగ్ మరో మంచి దారి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం దాకా వెళ్ళిన జిల్లా మనది. విజయనగరం పక్కన కొండవెలగాడ ఊరి పేరు చెబితే బరువులెత్తే ఆడపిల్లలే గుర్తుకు వస్తారు. బరువుల శిక్షణ తెలిసిన మనుషులు ఇంత చేరువలో ఉన్న ప్రాంతాలు రాష్ట్రంలో తక్కువ. వెయిట్‌లిఫ్టింగ్‌కూ పవర్‌లిఫ్టింగ్‌కూ పద్ధతుల్లో తేడా ఉన్నా, ఒళ్ళు ఎలా నిలపాలో నేర్పగలిగినవారు వారే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిని మాత్రం మెడ పరీక్ష కాకుండా బరువుల దగ్గరకు పంపకూడదు.

ఒక పూట సాధన ముప్పావు గంటకు మించనక్కరలేదు. ఎండాకాలంలో ఉదయం ఏడు లోపు, మిగిలిన రోజుల్లో సాయంత్రం నాలుగున్నర తరువాత మంచిది. వచ్చే ముందు కడుపునిండా అన్నం పెట్టకుండా, ఒక గ్లాసు చోడి అంబలో, ఒక అరటిపండో ఇవ్వండి. ప్రతి పూటా ఒకే క్రమం పాటించాలి: ముందు మైదానం చుట్టూ నడక, తరువాత ఒళ్ళు వంచడం, తరువాత ఆ రోజు నేర్పేది ఒక్కటే ఒక్క అంశం, చివర అందరూ కలిసి ఆడే ఆట. క్రమం మారితే, ముఖ్యంగా ఆటిజం ఉన్న పిల్లలు, గందరగోళపడతారు. ఆరోజు ఏమేమి చేయబోతున్నారో నాలుగు బొమ్మలు గీసిన అట్టను మొదటే చూపిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

నేర్పేటప్పుడు ఒకసారికి ఒకే మాట చెప్పండి, చెప్పిన దానిని చేసి చూపించండి, అవసరమైతే చేయి పట్టుకుని చేయించండి, కుదిరిన కొద్దీ మీ చేయి వెనక్కి తీసుకోండి. “గీత దాటకు” అనే బదులు “గీత వెనక నిలబడు” అనండి. పరుగు నేర్పడానికి ముగ్గుపిండితో రెండు గీతలు గీసి, ఆ దారి చివర బిడ్డకు బాగా ఇష్టమైన మనిషిని నిలబెట్టండి. మొదటి వారాల్లో ఆ మనిషి కోసమే పరుగెత్తుతాడు, ఆ తరువాత ఆ మనిషిని మెల్లగా పక్కకు జరిపి, గీత కోసం పరుగెత్తడం అలవాటు చేయాలి. ముగింపు గీత దగ్గర ఆగిపోయే అలవాటు చాలామందికి ఉంటుంది, అందుకు గీతకు మరో ఐదు మీటర్ల అవతల ఆ మనిషిని నిలపడమే మందు. ఈల శబ్దానికి చెవులు మూసుకునే పిల్లలకు మొదట రంగు జెండా ఊపి సంకేతం ఇవ్వండి. పోటీల్లో ఈల గానీ తుపాకీ శబ్దం గానీ ఉండవచ్చు కాబట్టి, దూరం నుంచి మొదలుపెట్టి ఆ శబ్దాన్ని వారాల తరబడి దగ్గరకు తీసుకురావాలి. ఏడ్చి కూర్చున్న రోజున బలవంతం చేయకుండా పక్కన కూర్చోబెట్టి చూడనివ్వండి, అలా చూడడం కూడా ఆ పూట హాజరు కిందికే వస్తుంది.

పోటీకి వెళ్ళే ముందు కనీసం ఎనిమిది వారాల సాధన ఉండాలన్నది స్పెషల్ ఒలింపిక్స్ నియమం. ఒక నోటుపుస్తకంలో ప్రతి పూట తేదీ, చేసిన పని, 50 మీటర్లకు పట్టిన సమయం, విసిరిన దూరం రాసి ఉంచండి. ఈ పుస్తకం రెండు విధాలా పనికివస్తుంది. బిడ్డ మెరుగుదల మీ కళ్ళ ముందు ఉంటుంది, పోటీల నమోదు పత్రంలో నిజమైన అంకె రాయగలుగుతారు.

తెలివి లోపం లేని ఈడు పిల్లలను కూడా జట్టులో కలుపుకొని ఆడడాన్ని యూనిఫైడ్ స్పోర్ట్స్ అంటారు. ఊరి పిల్లలు మొదట నవ్వుతారు. వారిని దూరంగా తోలేయకుండా, ఇద్దరిని జట్టులోకి పిలిచి, బంతి అందించే బాధ్యత ఇవ్వండి. ఆ వీధిలో మీ బిడ్డను పేరు పెట్టి పిలిచే తోటివారు అలా తయారవుతారు.

పోటీ రోజున జరిగేది

స్పెషల్ ఒలింపిక్స్ పోటీల్లో అందరినీ ఒకే వరుసలో నిలబెట్టరు. వయసు, ఆడ-మగ, సామర్థ్యం చూసి, ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా ఉండే చిన్న డివిజన్లుగా విడదీస్తారు. ఒక డివిజన్‌లో అందరికన్నా ముందున్నవారికీ వెనకున్నవారికీ మధ్య తేడా సుమారు 15 శాతం మించకుండా చూడాలన్నది మార్గదర్శక సూత్రం. అంటే మొదటివారు 100 మీటర్లను 20 సెకన్లలో పరుగెత్తితే, ఆఖరివారు 23 సెకన్లకు అటూ ఇటూ ఉంటారు. ఆ పని కోసం అసలు పోటీకి ముందు ఒక తొలి పరుగు పెడతారు. ఆ పరుగులో మెల్లగా వెళ్ళి, తేలిక డివిజన్‌లో పడి పతకం కొట్టాలన్న సలహా ఎవరిచ్చినా వినవద్దు. తుది పోటీలో తొలి పరుగు కన్నా 15 శాతం మించి మెరుగైతే అనర్హత వేటు పడవచ్చు. నిబంధన సంగతి పక్కన పెట్టినా, పూర్తి శక్తితో పరుగెత్తు అని రోజూ చెప్పిన బిడ్డకు ఆ ఒక్క రోజు మెల్లగా పరుగెత్తు అని చెప్పడం ఆ బిడ్డ నమ్మకాన్ని చెడగొట్టడమే.

మొదటి ముగ్గురికి పతకాలు, మిగిలినవారికి రిబ్బన్లు ఇస్తారు. పై స్థాయికి ఎంపిక చేసేటప్పుడు డివిజన్లలో ప్రథములైన వారి సంఖ్య ఉన్న చోట్ల కన్నా ఎక్కువైతే లాటరీ తీస్తారు. కనుక బంగారు పతకం వచ్చినా పై స్థాయికి పంపలేదని శిక్షకుడిని అనుమానించకండి, ఆ పద్ధతి ఉద్దేశపూర్వకంగానే పెట్టినది. 2023 జూన్‌లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ క్రీడల్లో భారత జట్టు 202 పతకాలు తెచ్చింది. ఆ పతకాలను కూడా ఈ డివిజన్ల వెలుగులోనే చూడాలి, తమ సాటివారి మధ్య శక్తిమేరకు ఆడి గెలిచినవి అవి.

ప్రయాణాలు, శిబిరాలు, భద్రత

రాష్ట్ర స్థాయి పోటీకి వెళ్ళవలసి వస్తే శ్రీకాకుళం రోడ్ లేదా విజయనగరం స్టేషను నుంచి రైలు సౌకర్యం. తోడు లేకుండా ప్రయాణం చేయలేని మేధో వైకల్యం గలవారికి స్లీపరు, మూడవ తరగతి ఏసీ టికెట్లలో 75 శాతం రాయితీ ఉంది, వెంట వెళ్ళే ఒకరికీ అదే రాయితీ వర్తిస్తుంది. దీనికి రైల్వే ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు ముందుగా తీసుకుని ఉండాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, సాధన మొదలుపెట్టిన ఏడాదే దానిలో చేర్పించడం వివేకం.

శిబిరానికి పంపేటప్పుడు బిడ్డ జేబులో ఫోన్ నంబరు రాసిన కార్డు, మందులు పూటపూటకూ విడివిడిగా కట్టిన పొట్లాలు, వాటితో పాటు ఒక పేజీ ఉత్తరం పంపండి. ఏది తింటాడు, రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు, దేనికి భయపడతాడు, కోపం వస్తే ఏం చేస్తే శాంతిస్తాడు అన్నవి అందులో ఉండాలి. ఆడపిల్లల వెంట మహిళా సహాయకురాలు ఉన్నారని నిర్ధారించుకోండి, నెలసరి సమయంలో సహాయం ఎవరు చేస్తారో పేరు అడిగి తెలుసుకోండి. ఏ పెద్దమనిషీ ఒక్క బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండకూడదన్న నియమం అక్కడ పాటిస్తున్నారా అని అడగడానికి మొహమాటపడవద్దు. తన ఒంటిని ఎవరు ముట్టుకోవచ్చో, ఎవరు ముట్టుకోకూడదో బిడ్డకు ఇంట్లో ముందే, బొమ్మల సాయంతో నేర్పండి. మాటలు రాని బిడ్డయితే, తిరిగి వచ్చాక ప్రవర్తనలో మార్పు కనిపిస్తే దానినే ఫిర్యాదుగా భావించి ఆరా తీయండి.

బడి వయసు దాటినవారు

పద్దెనిమిదేళ్ళు నిండగానే భవిత కేంద్రం, బడి మైదానం రెండూ దూరమవుతాయి. మన జిల్లాల్లో ఎక్కువగా నష్టపోతున్నది ఈ వయసువారే. ఇంటి అరుగు మీద కూర్చుని, ఒళ్ళు పెరిగి, షుగరు, బీపీ తెచ్చుకునే ఆ యువతీ యువకులకు ఆట మరింత అవసరం. వారి కోసం శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం, విజయనగరంలో విజ్జీ స్టేడియం, రాజీవ్ స్టేడియం వంటి చోట్ల ఉదయపు నడకకు వచ్చే పెద్దల సమయంలోనే వారానికి రెండు రోజులు సాధన ఏర్పాటు చేసుకోవచ్చు. పల్లెల్లోనైతే గ్రామంలోని యువజన సంఘాన్ని అడగండి. పత్రాల మీద సంతకం విషయానికి వస్తే, అర్థం చేసుకుని సంతకం చేయగలిగిన పెద్దవారు తమ సంతకం తామే చేయాలి. చేయలేనివారికి 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి చట్టబద్ధ సంరక్షకుడిని నియమింపజేసుకోవాలి. తల్లిదండ్రులైనా ఈ వయసు తరువాత ఆ ఉత్తర్వు ఉంటేనే చాలాచోట్ల వారి సంతకం చెల్లుతుంది.

హోటల్లోనో, జీడిపప్పు బట్టీలోనో, పొలంలోనో పనికి వెళ్తున్న యువకుడైతే సాధన ఆదివారం ఉదయం పెట్టుకోండి. పోటీల తేదీలు తెలిసిన రోజునే యజమానికి చెప్పి సెలవు అడగండి, ఆ సెలవు అడిగే మాట ఆ యువకుడి చేతనే చెప్పించండి.